ఈకల పాము పొలుసుల మీద పేర్లు

పక్క సీట్లో పులిహోర డబ్బా పెడితే మా కారు దాన్ని మనిషి అనుకుంటుంది. బెల్టు పెట్టుకోలేదని మొదట మర్యాదగా, తర్వాత కాస్త కటువుగా, ఆ పైన మా హైస్కూలు డ్రిల్లు మాస్టారిలా కూస్తుంది. డ్రైవరు లేకుండా నడిచే కార్లు తయారుచేసే దేశంలో మనిషికీ పులిహోరకీ తేడా తెలిసిన సీటు ఇంకా రాలేదు. ఆ శుక్రవారం పొద్దున ఇర్వింగ్‌లో మా అపార్ట్‌మెంట్ ముందు పులిహోరకి బెల్టు పెట్టి బయల్దేరాను.

ముందు సీటు ఖాళీగా ఉండడానికి కారణం మా మామగారు. ఆయన అక్కడ కూర్చోరు. కుడిపక్క ముందు సీట్లో కూర్చుంటే ఎదుట ఉండాల్సిన స్టీరింగ్‌ని ఎవరో ఎత్తుకుపోయినట్టు ఉంటుందట.

ఇర్వింగ్: ఖాళీ గోడలు

మామగారి పేరు వీరభద్రం. నరసరావుపేటలో నలభై ఏళ్ళు గోడలు రాశారు. సిమెంటు, ఎరువులు, పళ్ళపొడి, ట్యూటోరియల్ కాలేజీలు, ఎన్నికలొస్తే పక్షపాతం లేకుండా అన్ని పార్టీలూ. ఫ్లెక్సీలు వచ్చాక కుంచెలు కిరసనాయిల్లో కడిగి అటకెక్కించారు. మా పెళ్ళప్పుడు మావాళ్ళు చుట్టాలందరికీ ‘అమ్మాయి నాన్నగారు కమర్షియల్ ఆర్టిస్టు’ అని చెప్పుకున్నారు. నేను ఎవరినీ సరిదిద్దలేదు. నాది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. తప్పులు కనిపెట్టడం వరకే నా బాధ్యత, దిద్దడం వేరే టీముది.

విజిటర్ వీసా మీద వచ్చిన రెండు నెలల్లో ఆయనకి మాల్ చూపించాం, గుడి చూపించాం, చెరువు చూపించాం. ఆయన మాత్రం గోడలు చూశారు. లాస్ కొలీనాస్‌లో ఒకరోజు కారాపమని, ఒక పార్కింగ్ గరాజ్ గోడని చాలాసేపు పరిశీలించి, "ఇంత గోడ ఇట్టా ఊరికే వదిలేశారేంది అల్లుడుగారూ?" అన్నారు. కాలవ పక్కనే బీడు పడిన పొలాన్ని చూసిన రైతు గొంతు అది.

అందుకే మా అమ్మాయి శ్రావ్య శాన్ ఆంటోనియో వెళ్తానన్నప్పుడు తాతయ్యని కూడా కారెక్కించాం. శ్రావ్యకి పదిహేడేళ్ళు. స్కూల్లో నాలుగేళ్ళుగా స్పానిష్ చదువుతోంది. ఆ ఊళ్ళో ఒక వీధివాళ్ళు తమ పాత గోడ బొమ్మకి మళ్ళీ రంగులు వేసుకుంటున్నారని, సాయానికి వెళ్తే స్కూలుకి చూపించాల్సిన సేవా గంటలు వస్తాయని చెప్పింది. నా భార్య మాధవికి ఆ వారాంతం ఆఫీస్‌లో సాఫ్ట్‌వేర్ రిలీజ్. తన తరఫున పులిహోరని పంపింది.

దారిలో: చెక్ దేశపు బన్ను

వేకో చేరకముందే ఒక ఊళ్ళో ఆగాం. ఎప్పుడో చెక్ దేశం నుంచి వచ్చి స్థిరపడినవాళ్ళ ఊరు. అక్కడ కొలాచీ అని మెత్తటి బన్ను మధ్య గుంట చేసి పళ్ళ జామ్ నింపి అమ్ముతారు. ఒక్కోటి రెండు డాలర్ల చిల్లర. మామగారు మనసులో రూపాయల్లోకి మార్చుకుని, సగం తిని, మిగతా వంద రూపాయల్ని టిష్యూలో చుట్టి జేబులో పెట్టుకున్నారు. బాగుందా అని అడిగితే, "పూర్ణం బూరెకి మూత పెట్టడం మర్చిపోయినట్టుంది," అన్నారు.

ఆస్టిన్ ట్రాఫిక్‌లో నేను బ్రేకు గట్టిగా వెయ్యాల్సి వచ్చింది. ముగ్గురం ముందుకి తూలాం. పులిహోర కదల్లేదు.

శుక్రవారం సాయంత్రం: ఏ పార్టీ పాము?

శాన్ ఆంటోనియో వెస్ట్ సైడ్‌లోకి రాగానే వెనక సీటు అద్దం దిగింది. ఆ తర్వాత అద్దం మళ్ళీ ఎక్కలేదు, మా ఏసీ చల్లదనమంతా వీధి పాలైంది. టైర్ల షాపు గోడ మీద జాగ్వార్. బేకరీ గోడ మీద మొక్కజొన్న కండెని చీల్చుకుని వస్తున్న మాయా దేవుడు. బడి ప్రహరీ మీద నాలుక చాపిన సూర్యుడు, చుట్టూ రాతి చక్రం. నాగజెముడు మీద వాలిన గద్ద, నోట్లో పాము.

"ఏ పార్టీ ఇది?" అన్నారు మామగారు.

ఏ పార్టీదీ కాదని శ్రావ్య చెప్పింది. స్పెయిన్‌వాళ్ళు రాకముందు మెక్సికోలో మాయా, ఆజ్టెక్ ప్రజలుండేవారని, వాళ్ళ వారసులే ఈ వీధుల్లో ఉంటున్నారని, తామెవరో పిల్లలకి తెలియాలని ఎవరి గోడలు వాళ్ళే రాసుకుంటున్నారని తన తెలుగులో వివరించింది. డబ్బెవరిస్తారని ఆయన అడిగారు. ఎవరూ ఇవ్వరంది. మూడు వీధులు దాటేదాకా ఆయన ఒక్కో గోడకీ తల తిప్పి చూస్తూ వచ్చారు.

"నలభై ఏళ్ళల్లో మా వీధి కోసమని నేను ఒక్క గోడ రాయలా," అన్నారు ఆ తర్వాత, మాలో ఎవరితోనూ కాకుండా.

మేము వెతుక్కుంటూ వెళ్ళిన గోడ ఒక లాండ్రీ షాపుది. లోపల బట్టలుతికే యంత్రాలు, బయట ఈ చివర్నుంచి ఆ చివరిదాకా ఈకలున్న పాము. ఏనుగు తల దేవుడికి ఉండ్రాళ్ళు పెట్టేవాళ్ళం, పాముకి ఈకలేమిటని అడగడం బాగుండదు. ఆకుపచ్చ ఈకలు, మాయా నీలం ఒళ్ళు, పొట్ట పొడుగునా తెల్లటి పొలుసులు. ఒక్కో పొలుసులో ఒక పేరు. ఆ వీధిలో పోయినవాళ్ళ పేర్లవి. మొత్తం పందొమ్మిది. తోక దగ్గర ఒక పొలుసు మాత్రం ఖాళీ, దాని పక్కన తోక చివర ఇంకో చిన్న పొలుసు.

ఆ గోడ రాసినాయన హొవాకీన్. ఆయనది కూడా షాపుల బోర్డులు రాసే పనే. వీధిలో ఎవరు పోయినా ఒక పొలుసు నింపేవాడు. తొమ్మిదేళ్ళ కింద ఆయనే పోయాడు, పేర్లు అక్కడితో ఆగిపోయాయి. ఆయన భార్య రొసారియో, ఎనభైకి దగ్గరపడిన మనిషి, మడత కుర్చీ వేసుకుని గోడకి ఎదురుగా కూర్చుని ఉంది. ఆమెకి స్పానిష్ తప్ప రాదు. భర్త పేరు వేరేవాళ్ళ చేతిరాతలో చూడలేనని, ఆ ఖాళీ పొలుసుని ఇన్నేళ్ళూ ఎవరినీ ముట్టుకోనివ్వలేదు.

ఇప్పుడు చిక్కు వచ్చింది. పైపు లీకై పొలుసుల రంగు పెచ్చులు లేచింది. పనంతా నడిపిస్తున్న మారిసోల్ అనే డ్రాయింగ్ టీచర్ మాకు విషయం చెప్పింది. పేర్లన్నీ మళ్ళీ రాయాలి. ఆదివారం పొద్దున నాట్యం చేసేవాళ్ళు వచ్చి గోడకి పూజ చేస్తారు. మధ్యాహ్నం గోడంతా పారదర్శకమైన పూత వేసేస్తారు. దాని మీద ఇక రంగు నిలవదు. అంటే ఆదివారం మధ్యాహ్నంలోగా హొవాకీన్ పేరు పడకపోతే ఆ పొలుసు ఎప్పటికీ ఖాళీయే. మారిసోల్ కంప్యూటర్లో ఆయన రాతకి దగ్గరగా ఉండే అక్షరాలు వెతికి రొసారియోకి చూపించింది. బ్యాంకు బోర్డులా ఉందని రొసారియో కాగితం తిరిగి ఇచ్చేసింది.

ఇదంతా శ్రావ్య తాతయ్యకి చెప్తూ ఉంది. ఆయన వింటూనే గోడ దగ్గరికి వెళ్ళి ఒక్కో అక్షరం మీద వేలు నడుపుతున్నారు, అంధుడు చదువుతున్నట్టు.

మారిసోల్ మాకు వాలంటీర్ ఫారాలు ఇచ్చింది. పదకొండేళ్ళు హెచ్‌వన్‌బీ మీద బతికినవాడిని. విజిటర్ వీసా మీదున్న మనిషికి ఇందులో జీతం లేదని మూడుసార్లు చదివి నిర్ధారించుకున్నాను. ఆమె ఆయనకిచ్చిన కాఫీ కూడా జీతం కింద వస్తుందేమోనని ఒక క్షణం ఆలోచించాను.

అంతలో ఆఫీస్ కాల్ వచ్చింది. కార్లో కూర్చుని రెండు గంటలు ఎవరి తప్పో తేల్చుకున్నాం. మధ్యలో మామగారు అద్దం తట్టి పేపర్ సంచులు, పిన్నీసు కావాలన్నారు. తీసుకోమని చెయ్యి ఊపాను. మేము దిగిన మోటెల్ బయట మాంసం కాల్చుకునే పొయ్యి ఉంది, ఆ సాయంత్రం అందులోంచి నాలుగు బొగ్గులు ఏరుకుని మళ్ళీ గోడ దాకా నడిచి వెళ్ళొచ్చారు. నా సాక్సు ఒకటి అడిగారు. టీవీ ముందు కూర్చుని కాగితానికి పిన్నీసుతో పొడుస్తూ గడిపారు. పెద్దవాళ్ళకి ఏదో ఒక వ్యాపకం ఉండాలి కదా అనుకుని నేను పడుకున్నాను.

శనివారం పొద్దున: తెల్ల రంగు

లేచేసరికి ఆయన మంచం ఖాళీ. గోడ మోటెల్‌కి నాలుగు వీధుల దూరం. మేము కార్లో వెళ్ళేసరికి ఏడు దాటింది. పాము పొట్ట ఈ చివర్నుంచి ఆ చివరికి మెరిసిపోతోంది. ఒక్క పేరు లేదు. రాత్రి గోడ పక్కన పెట్టిపోయిన తెల్ల రంగు డబ్బా సగమైంది. మామగారు చివరి పొలుసుకి రెండో పూత వేస్తూ, వచ్చారా అన్నట్టు తలూపారు.

మా వెనకే మారిసోల్, ఆమె చెయ్యి పట్టుకుని రొసారియో వచ్చారు. రొసారియో నడక మధ్యలో ఆగిపోయింది. మారిసోల్ ఫోన్ తీసి పాత ఫొటోలు వెతికింది. వాటిల్లో పాము తల బ్రహ్మాండంగా ఉంది. పేర్లు చీమల బారులా ఉన్నాయి.

అప్పుడు నేను ముందుకొచ్చి క్షమాపణ చెప్పాను. నాకు ఇంగ్లీషులో బాగా వచ్చిన పని అది. ఆయన పెద్దవారని, మా ఊళ్ళో గోడ రాసేవాళ్ళు ముందు వెల్ల వేసి పాతదంతా చెరిపేస్తారని, అలవాటు కొద్దీ చేశారని, దీనికి పూర్తి బాధ్యత నాదని, నష్టమేదైనా ఉంటే భరిస్తామని చెప్పాను. శ్రావ్య దాన్ని స్పానిష్‌లోకి మారుస్తూ మారుస్తూ ఆగిపోయింది.

"డాడీ, నువ్వు తాతయ్యని అడిగావా?"

అడగలేదు. ఆ ఆలోచన నాకు రాలేదు.

మామగారు కుంచె కడుక్కుని, చేతులు తుడుచుకుని, గోడ మూల నుంచి కాగితపు చుట్టలు తెచ్చారు. మా పేపర్ సంచులే, కత్తిరించి అతికించినవి. ముందు రోజు సాయంత్రం కాగితాన్ని గోడకి ఆనించి బొగ్గుతో రుద్ది, పెచ్చుల అంచులతో సహా అక్షరాలన్నీ కాగితం మీదికి తీసుకున్నారు. తర్వాత ఆ అంచుల వెంట పిన్నీసుతో సన్నటి బెజ్జాలు పెట్టారు. ఇప్పుడు మొదటి కాగితాన్ని తెల్ల పొలుసు మీద పెట్టి, బొగ్గు పొడి నింపిన నా సాక్సుతో మెల్లగా తట్టారు. కాగితం తీశారు. నల్లటి చుక్కల్లో పేరు నిలబడింది. పక్కకి ఒరిగిన ఎస్, కాలు చాపిన ఆర్, అన్నీ ఎక్కడివక్కడ.

"పెచ్చుల మీద రాస్తే ఆరు నెలలుండదు. గోకి, తెల్ల వేసి రాయాల. ఇంత సేపు ఏందంట ఆ మాటలు?" అని నన్నడిగారు.

ఏం లేదన్నాను.

రొసారియో దగ్గరికొచ్చి ఆ చుక్కల మీదికి వంగి చూసింది. మామగారు శ్రావ్యని పిలిచి, ఆయన ఎడంచేత్తో రాసేవాడు కదా, అడుగు, అన్నారు. శ్రావ్య అడిగింది. రొసారియో ఠక్కున తల తిప్పి చూసింది. అవునంది. గీత ఎక్కడ మొదలై ఎక్కడ సన్నబడిందో చూస్తే తెలుస్తుందన్నారాయన. కింది వరసలో అక్షరాలన్నీ ఒక పక్కకి వాలాయి కాబట్టి మోకాలి నొప్పి కూడా ఉండేదా అని అడిగారు.

"మోకాలు కాదంట తాతయ్యా, నడుము."

"అదీ అయ్యుండొచ్చు," అని ఒప్పుకున్నారు.

మధ్యాహ్నానికి పందొమ్మిది పేర్లకీ నీలం నలుపు కలిపిన రంగు పడింది. సాయానికి వచ్చినవాళ్ళు తాము రంగులేస్తున్న ఈకలు వదిలి ఆయన వెనక నిలబడ్డారు. ఆజ్టెక్ భాషలో రాయడానికీ బొమ్మ గీయడానికీ ఒకే మాటని, పుస్తకాలు చేసేవాళ్ళని ఆ మాటతోనే పిలిచేవారని మారిసోల్ చెప్పింది. మామగారికి ఇందులో వింతేమీ కనిపించలేదు. "మనమూ బొమ్మ రాస్తామనేగా అంటాం," అన్నారు.

శనివారం మధ్యాహ్నం: నాగజెముడు కూర

రొసారియో మమ్మల్నీ మారిసోల్‌నీ భోజనానికి పిలిచింది. ఇల్లు రెండు గుమ్మాల అవతలే. శనివారం మామగారు నీచు ముట్టరు. ఆ మాట ఎలా చెప్పాలా అని నేను మర్యాదలు వెతుక్కుంటుంటే శ్రావ్య రెండు ముక్కల్లో చెప్పేసింది. రొసారియో బీన్స్, అన్నం, మొక్కజొన్న రొట్టెలు పెట్టింది. పక్కన ఒక ఆకుపచ్చ వేపుడు. చాలా బాగుంది, కొంచెం పులుపు, కొంచెం బెండకాయ జిగురు. ఏమిటని అడిగితే కిటికీలోంచి పెరట్లోకి చూపించింది. నాగజెముడు.

మామగారు నమలడం ఆపారు. "మా పక్క దీన్ని గొడ్లు రాకుండా కంచెకి వేస్తాం," అని చెప్పమన్నారు. గొడ్లకి తెలివి తక్కువని రొసారియో జవాబిచ్చింది. ఆయన మళ్ళీ వడ్డించుకున్నారు.

మూడు కాళ్ళ నల్లరాతి రోట్లో ఆమె మిరపకాయలు నూరింది. మిరపకాయ అసలు ఈ వైపు నుంచే మన దేశానికి వచ్చిందని శ్రావ్య చెప్పింది. నరసరావుపేట మనిషి ఆ విషయాన్ని విన్నారు, అంగీకరించలేదు. మా పులిహోర రొసారియో రెండుసార్లు పెట్టించుకుంది. చింతపండని చెప్పబోతే ఆమే "తమరిందో" అంది. వీళ్ళు దాంతో మిఠాయిలు కూడా చేస్తారట.

భోజనాలయ్యాక మామగారు అసలు సంగతికి వచ్చారు. హొవాకీన్ పేరులోని అక్షరాలన్నీ ఆ పందొమ్మిది పేర్లలో దొరికాయి, ఒక్క క్యూ తప్ప. ఆ పేరులోని ‘కీ’ని స్పానిష్‌లో క్యూతో రాస్తారట. ఆ అక్షరం ఆయన ఎలా రాసేవాడో చూడాలి. సొంతంగా ఊహించి రాయరా అని మారిసోల్ అడిగింది.

"ఊహించి రాస్తే అది నా రాత అయిద్ది. ఈవిడకి కావాల్సింది నాది కాదు," అన్నారు.

రొసారియో లోపలికెళ్ళి సొరుగులన్నీ లాగింది. కరెంటు బిల్లులు, పెళ్ళి ఫొటో, కళ్ళజోడు పెట్టె. చివరికి ఒక వంటల పుస్తకం మధ్యలోంచి నాలుగు మడతల చీటీ తీసింది. హొవాకీన్ కిరాణా చీటీ కూడా బోర్డు రాసినట్టు పెద్దక్షరాల్లోనే రాసేవాడట. ఉల్లిపాయలు, సబ్బు, బల్బులు, నాలుగో వరసలో జున్ను. స్పానిష్‌లో జున్ను క్యూతో మొదలవుతుంది. మామగారు చీటీని వెలుతురుకి పెట్టి, ఆ అక్షరం తోకని చూపుడువేలితో గాల్లో పదిసార్లు తిప్పారు. తర్వాత చీటీని ఉన్న మడతల్లోనే మడిచి, రెండు చేతులతో ఆమెకిచ్చారు.

ఆదివారం: ఎడమ చెయ్యి

నాట్యం చేసేవాళ్ళు పొద్దున్నే వచ్చారు. తల మీద నిలువెత్తు ఈకలు, కాళ్ళకి ఎండుగింజల గజ్జెలు. మట్టి మూకుడులో చెట్టుబంక వేసి పొగ పెట్టారు. కాస్త నిమ్మ వాసన తగిలే సాంబ్రాణి అనుకోవచ్చు. ఒకాయన శంఖం తీసి నాలుగు దిక్కులకీ తిరిగి ఊదాడు. ఇర్వింగ్ అపార్ట్‌మెంట్‌లో ఇందులో సగం చేస్తే ఫైర్ ఇంజన్ వస్తుంది. మామగారు చెప్పులు విడిచి దణ్ణం పెట్టుకున్నారు. ఎవరికని నేను అడగలేదు.

ఖాళీ పొలుసు ముందు ఆయన కుంచెని ఎడమచేత్తో తీసుకున్నారు.

నేను కంగారుపడ్డాను. ముందు రోజు పాఠం అయింది కాబట్టి ఈసారి ఎవరికీ క్షమాపణ చెప్పకుండా ఆయన్నే అడిగాను. నిచ్చెన మీద ఒక చేత్తో పట్టుకుని రాసేవాళ్ళకి రెండు చేతులూ ఆడతాయట. మరి ఎడమచేత్తో పేరు రాయడమేమిటన్నాను. గణపతి పేరైనా, షాపు పేరైనా మనవాళ్ళెవరూ ఎడమచేత్తో రాయరు.

"పోయినవాళ్ళ పనులన్నీ మనకి ఎడంపక్కేగా అల్లుడుగారూ," అన్నారు, కళ్ళు గోడ మీద నుంచి తీయకుండానే.

అరగంట పట్టింది. కాగితం లేదు, చుక్కలు లేవు. కుంచె ఒక్కసారి కూడా వెనక్కి రాలేదు. క్యూ దగ్గర ఊపిరి బిగబట్టింది ఆయన కాదు, మేము. తోక తిప్పి కుంచె పైకెత్తేసరికి, పక్కనున్న పందొమ్మిదీ రాసిన మనిషే ఇరవయ్యోదీ రాసినట్టుంది. అదే ఒరగడం, అదే నడుం నొప్పి. రొసారియో దగ్గరికొచ్చి చెయ్యి చాపింది. తడి ఆరలేదని మామగారు ఆమె మణికట్టు మెల్లగా పట్టుకుని ఆపారు. ఆమె వేలు పొలుసుకి అంగుళం దూరంలో గాల్లోనే ఆ పేరంతా రాసుకుంది.

టోపీ పెట్టుకున్న ఒకాయన నా పక్కకొచ్చి, ఎవరీయన, ఏం చేస్తుంటాడని ఇంగ్లీషులో అడిగాడు. మా మామగారు, గోడలు రాస్తారు అని చెప్పాను. కాస్త గట్టిగానే చెప్పినట్టున్నాను, నలుగురు తిరిగి చూశారు. అడగనివాళ్ళిద్దరికి కూడా చెప్పాను.

పని చేసినవాళ్ళందరి పేర్లూ గోడ మూల ఒక గడిలో రాస్తారు. మారిసోల్ ఆయనకీ చోటు చూపించింది. ఆయన కుడిచేత్తో, తెలుగులో, నరసరావుపేట బస్టాండు ఎదుట రాసినంత తీరుగా ‘వీరభద్రం’ అని రాశారు. కొమ్ములూ సున్నాలూ చూసి, ఇది కూడా మాయా లిపేనా అని ఎవరో అడిగారు. శ్రావ్య కాదని చెప్పి, ఏమిటో చెప్పింది. ఆ పిల్ల తెలుగు అనే మాటని అంత స్పష్టంగా పలకడం నేను మొదటిసారి విన్నాను. గోడ మీది ఆ పేరు ఫొటో తీసి మాధవికి పంపించాను. రిలీజ్ మధ్యలో కూడా నిమిషంలో ఫోన్ చేసింది, కాసేపు ముక్కు ఎగబీల్చి పెట్టేసింది.

రెండింటికి మారిసోల్ పూత డబ్బా మూత తీసింది. ఇద్దరు రోలర్లు పట్టుకుని పాము తల వైపు నుంచి మొదలుపెట్టారు. మేము ఐదు గంటల డ్రైవ్ ఉందని కుంచెలూ సంచులూ సర్దుకుంటున్నాం. రొసారియో కుర్చీలోంచి లేచి, హొవాకీన్ పేరు దాటి, తోక చివర మిగిలిన చిన్న పొలుసు మీద వేలు పెట్టింది. మామగారి వైపు తిరిగి స్పానిష్‌లో ఏదో చెప్పింది. ఆయన శ్రావ్యని చూశారు. శ్రావ్య నన్ను చూసింది.

"ఏందంటమ్మా?" అన్నారు మామగారు.

"ఆవిడ పేరు కూడా ఇప్పుడే రాసెయ్యమంటుంది తాతయ్యా. ఆవిడ చచ్చిపోయినప్పుడు నువ్వు మళ్ళీ ఇంత దూరం రావు కదా, అంటుంది."